కొత్త పరుపు మీద ముందు పిల్లలు దొర్లాలి

మా చిన్నప్పుడు పరుపు దుకాణం నుంచి వచ్చేది కాదు... వాకిట్లోనే తయారయ్యేది.

మహబూబాబాద్‌లో మా ఇంటికి దూదేకే తాత వచ్చేవాడు. భుజాన పెద్ద విల్లు. దాని తాడును కట్టెతో కొడుతుంటే టంగు టంగుమని మోత... గడ్డకట్టిన పాత దూది పొగలా పైకి లేచేది. ముక్కుల్లో, తలల్లో అంతా దూదే. అక్క నా తెల్లటి తల చూసి "ముసలోడొచ్చిండు, ముసలోడొచ్చిండు" అని ఎగిరేది.

అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. దూది ఏకేటప్పుడు అవ్వ ఏమీ అనేది కాదు. కుట్టడం మొదలయ్యాకే పీట వేసుకుని పక్కన కూర్చునేది. చివరి కుట్టు పడకముందే నాలుగు మూలలూ పిడికిలితో పొడిచి చూసేది.

"నడుమ అందరు కూరుతరు. మూలల ఏది దూది?"

"కూరిన గదమ్మా!"

"కూరితే నా చెయ్యి నేలకెందుకు తాకుతాంది?"

తాత గొణుక్కుంటూ మూల విప్పేవాడు. "నీ ఇంట్ల ఒక్క పరుపు కుడితే రెండు పరుపుల పనైతది" అనేవాడు. చాయ్ తాగి, పని పూర్తయ్యాక మమ్మల్ని పిలిచేవాడు. "రాండ్రి, దొర్లుండ్రి!"

కొత్త పరుపు ఉబ్బుగా, గుండ్రంగా ఉండేది. దూది సర్దుకోవాలంటే మనుషులు దొర్లాలి. అక్క, నేను, పక్కింటి పిల్లలు... ఈ చివర నుంచి ఆ చివరకు. ఇంట్లో ఉన్నది ఒక్కటే పరుపు. పిల్లలకు దాని మీద హక్కు ఆ ఒక్క పూటే. సాయంత్రానికి చుట్ట చుట్టి చుట్టాల కోసం దాచేవాళ్లు. మాకు చాపలు, బొంతలు. తల కింద పాత బట్టలు కూరిన మెత్త... దిండును మా దగ్గర మెత్త అంటారు.

నా పెళ్లికి కాటారం నుంచి పరుపు వచ్చింది. అది మా అత్తగారి ఊరు. నా భార్య సరోజ వాళ్లమ్మ బూరుగు కాయలు ఏరించి, ఎండబెట్టి, గింజ తీసి కుట్టించింది. బస్సు మీద వేసుకుని జనగామ తెచ్చుకున్నాం. ఉద్యోగం ఇక్కడే, కాపురం ఇక్కడే. దూది కుంగినప్పుడల్లా సరోజే విప్పి, ఎండకు పోసి, మళ్లీ కుట్టించేది. దూదేకేవాళ్లు రావడం మానేశాక తనే కట్టెతో కొట్టి, తనే కుట్టేది.

పోయిన ఏడు సరోజ పోయింది. చివరి నెలలన్నీ ఆ పరుపు మీదే. మనిషి పోయిన పరుపును మా వైపు ఇంట్లో ఉంచరు. తీసి బయట వేశారు.

అప్పటి నుంచి నేల మీద బొంత వేసుకుని పడుకుంటూ వచ్చాను. మంచం ఖాళీగానే ఉంది. నడుము పట్టేసింది. నేల మీద పడుకోవద్దని డాక్టరు అన్నాడు. దవాఖాన ఖర్చులు పోగా చేతిలో మిగిలింది తక్కువ. అది తెలిసి మహబూబాబాద్ నుంచి అక్క రైలెక్కి వచ్చింది. "పా, పరుపు నేను చూస్త" అంది.

దుకాణాయన ముందు ఒక మెత్తటి పరుపు చూపించాడు. "అమ్మా, గిది మెమరీ ఫోమ్. మనిషి ఆకారాన్ని యాది పెట్టుకుంటది."

"యాది పెట్టుకునుడు మాకొస్తది. నడుము నొయ్యనిది చూపియ్యి" అంది అక్క.

నేను అరచెయ్యి పెట్టి తీశాను. అచ్చు పడింది... మెల్లగా పూడిపోయింది. పక్కకు జరిగాను.

అక్క ఏ పరుపునూ నడుమ నొక్కి చూడలేదు. మూల మీద కూర్చుంది. అవ్వ గుర్తొచ్చింది. ఫోమ్ పరుపు అక్కతో పాటే కిందికి కుంగింది.

"మూలకు ఎవరు పంటరమ్మా?" అన్నాడాయన.

"పండరు. లేచేటప్పుడు కూసునేది అంచుకే గద! గీ నడుమునొప్పాయన ఎట్ల లేవాలె, క్రేను పెట్టాల్నా?"

ఆయన నవ్వి లోపలి నుంచి కొబ్బరి పీచుది తెప్పించాడు. పైన పలుచగా ఫోమ్. అక్క కూర్చుంది, లేచింది, మోకాలితో అదిమింది. మూల కుంగలేదు.

"గిది నిలుస్తది తమ్మీ."

"సింగిలా, డబలా సార్?"

మాది ఇద్దరు పడుకునే మంచం. నా దగ్గరున్న డబ్బుకు పీచు పరుపైతే సింగిలే. డబల్ కావాలంటే ఆ కుంగే ఫోమే. డబల్ అనబోయాను. కుంగినా మంచమైతే నిండుతుంది కదా...

అక్క నా వైపు చూడలేదు. కవరు జిప్పు సర్దుతూ అంది. "కుంగేదానికి సరోజ పైసలు పెట్టనిస్తుండెనా?"

పెట్టనిచ్చేది కాదు.

"సింగిల్" అన్నాను.

ఇంటికి తెచ్చాక "నడుమ వేద్దామా?" అంది అక్క. వద్దన్నాను. తలుపు వైపు, నేనెప్పుడూ పడుకునే పక్కనే వేశాం. గోడ వైపు సరోజది. అక్కడ మంచం చెక్కలు అలాగే ఉన్నాయి.

"దొర్లి చూడరాదు, ముసలోడా" అంది అక్క.

ఇప్పుడు ఆ మాటలో అబద్ధం లేదు. పడుకుని, గోడ వైపు ఒక్కసారి దొర్లాను. చెయ్యి చెక్కకు తగిలింది.

నడుము కాస్త నయం. నిద్ర కూడా పడుతోంది. ఇప్పటి పరుపులు చదునుగానే వస్తున్నాయి... సర్దడానికి మనుషులు అక్కర్లేదు.

మీ ఇంట్లో కొత్త పరుపు మీద ఎవరెవరు దొర్లేవాళ్లు? గుర్తుంటే వాళ్ల పేర్లు కింద రాయండి... చదువుతాను.