ఉడుత దొర పంపిన కబురు

నాగరాజు రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్‌కు వచ్చేటప్పటికి మీసాలు సరిగ్గా రాలేదు. ఇప్పుడవి నెరిశాయి. ఈ మధ్యలో చేసిన పని ఒక్కటే: అహ్మది చుట్టుపక్కల చమురు ట్యాంకులకు ఇనుప పైపులు బిగించి స్కాఫోల్డింగ్ కట్టడం. ఇప్పుడతను ఫోర్‌మన్. చేతికింద ఉన్నవాళ్లంతా కడప, అన్నమయ్య జిల్లాలవాళ్లే. వాళ్లలో బావమరిది మునీంద్ర ఒకడు. "మా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెట్టినా" అని భార్య వెంకటేశ్వరి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. ఆ మాటకు నాగరాజుకు విసుగూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఆ వేసవిలో భయానికి కారణముంది. మునీంద్ర అప్పటికే రెండుసార్లు ఎండకు కళ్లు తిరిగి పడ్డాడు. వేసవి మధ్యాహ్నాల్లో ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశంలో నిబంధన ఉంది. కానీ కాంట్రాక్టరుకు గడువు ముంచుకొస్తోంది. ట్యాంకు పక్కన పైనుంచి కిందిదాకా టార్పాలిన్ కట్టించి, ఇది ఆరుబయట కాదు పొమ్మన్నాడు. ఆ టార్పాలిన్ వెనక గాలాడదు. మనిషి ఉడికిపోతాడు.

అక్కడి సేఫ్టీ ఆఫీసరు పేరు వేన్. ఒక్లహోమా నుంచి వచ్చిన అమెరికావాడు, అయితే తెల్లవాడు కాదు. అక్కడి ఆదివాసుల్లో చికసా తెగవాడు. టీ తాగుతూ నాగరాజుతో వచ్చీరాని హిందీలో కబుర్లాడేవాడు. ఒకరోజు తమవాళ్ల పాత పద్ధతి ఒకటి చెప్పాడు. పరాయి తెగ ఏదైనా చికసాలతో సఖ్యంగా ఉండాలనుకుంటే, చికసాల్లోనే ఒక పెద్దమనిషిని ఎంచుకుని తమవాడిగా చేసుకునేది. ఆయన్ని ఫనిమింగో అనేవాళ్లు, అంటే ఉడుత దొర. సొంతవాళ్ల సభలో కూర్చుని ఆ పరాయివాళ్ల తరఫున వాదించడం ఆయన పని. వాదించి ఓడిపోతే, మీ మీదికి వస్తున్నారు జాగ్రత్త అని గుట్టుగా కబురంపాలి.

"మరి అమెరికా తెల్లోళ్లలో మీకు అట్లాంటోడు ఒగడన్నా దొరకలేదా?" అన్నాడు నాగరాజు.

వేన్ నవ్వాడు. "మావాళ్లు వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ల పక్కన నిలబడి యుద్ధాలు చేశారు. మా నాయకుడికి వెండి పతకం కూడా ఇచ్చారు. యాభై ఏళ్లు తిరగ్గానే మా నేల నుంచి మమ్మల్ని వెళ్లగొట్టారు."

ఈ కథ తామంతా కలిసి ఉండే గదిలో చెబితే, అందరికంటే పెద్దవాడైన రామసుబ్బయ్య లేచి కూర్చున్నాడు. "అయితే ఆయప్పనే మన ఉడుత దొరగా పెట్టుకుందాం రా నాగా. కంపెనీ మీటింగుల్లో కూచునేది ఆయప్పే గదా!"

వేళాకోళంగా అన్నదే అందరికీ నచ్చింది. శుక్రవారం వేన్‌ను గదికి పిలిచి సంగటి, పొట్టేలు కూర పెట్టారు. రామసుబ్బయ్య కొత్త తువ్వాలు కప్పాడు. కారానికి వేన్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"సూడన్నా, మన మీద ప్రేమతో ఏడుస్తాండాడు" అన్నాడు జట్టులోని తౌఫిక్. గదంతా నవ్వింది.

వేన్ మాత్రం నవ్వలేదు. "వాదిస్తాను. గెలుస్తానని చెప్పను. ఓడితే కబురంపుతాను."

మాట నిలబెట్టుకున్నాడు. కొన్నాళ్లు మధ్యాహ్నం పని ఆగింది. గడువు మరీ దగ్గరపడ్డాక జరిగిన మీటింగులో ఓడిపోయాడు. ఆ సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కబోతున్న నాగరాజును పక్కకు పిలిచాడు.

"రేపు మధ్యాహ్నమంతా టార్పాలిన్ వెనకే. ఆపలేకపోయాను. నీ మనుషుల్ని ఎవర్నీ తేవద్దు. అందరూ ఒంట్లో బాగాలేదని ఉండిపోండి. నేను చెప్పానని బయటపడితే నా పని ఖలాస్."

బస్సులో కూర్చుని నాగరాజు ఆలోచించాడు. అందరూ మానేస్తే మొదట పట్టుకునేది ఫోర్‌మన్‌నే. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దుచేసి విమానం ఎక్కిస్తారు. ఒక్కడు మానేస్తే ఎవరూ అడగరు.

గదికి రాగానే మునీంద్రను బయటికి తీసుకుపోయాడు. "రేపు జొరమని పండుకో."

"నాకేం బావా, బాగనే ఉండాను గదా?"

"జొరమంటే జొరమే. నోరు మూసుకో."

మిగతావాళ్లను పొద్దున్నే తనే లేపి బస్సెక్కించాడు. మధ్యాహ్నం రామసుబ్బయ్య పై అంతస్తులో పైపు బిగిస్తూ ఆగిపోయాడు. ఒంటి మీద చెమట ఎండిపోయింది. "నాగా, సలేస్తాందిరా" అన్నాడు. దించేలోపే స్పృహ తప్పింది. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

ఆ సాయంత్రం గదిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. తౌఫిక్ అడిగాడు: "అన్నా, వేన్ నీకేం చెప్పలేదా? ఓడితే చెప్తానన్యాడే?"

మంచం మీద మునీంద్ర తలెత్తి బావ మొహంలోకి చూశాడు.

"లేదు" అన్నాడు నాగరాజు.

"అంతేలే. ఆయప్పా కంపెనీవోళ్లూ అంతా ఒగటే" అన్నాడు తౌఫిక్.

మర్నాడు వేన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నవాడు లేడు. "మా కూడు తిన్న నోరేనా అది? ఒక్క మాట చెప్తే ముసిలాయన బతికేవాడు గదా!" అని తౌఫిక్ హిందీలో అరిచాడు. వేన్ నాగరాజు వైపు చూశాడు. చెప్పాను, అని ఒక్క మాటంటే చాలు. అన్నాడంటే ఆ గదిలో నాగరాజు గతేమవుతుందో ఇద్దరికీ తెలుసు. వేన్ ఆ మాట అనలేదు.

నాగరాజు లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. "పో. మళ్లీ ఇక్కడికి రావద్దు" అన్నాడు.

వేన్ వెళ్లిపోయాడు. కాసేపటికి మునీంద్ర పరుపు చుట్టుకుని పక్క గదికి మారాడు. ఏమైందిరా అని తౌఫిక్ వాడి వెంటే వెళ్లాడు. గోడకావల జొరం మాట మొదలైంది. నాగరాజు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడి విన్నాడు.