బొమ్మలో కూర్చున్న మనిషి

చిత్రకళలో పీజీ చేద్దామని ఆమె మళ్లీ కాలేజీలో చేరేసరికి ముప్పై నాలుగేళ్లు నిండాయి. అంతకుముందు తొమ్మిదేళ్లు బడిలో డ్రాయింగు నేర్పింది. పిల్లల్ని అదిలించే గొంతు ఇంకా పోలేదని తోటి విద్యార్థులు ఆమెను టీచరమ్మ అనేవారు. కోపం ముక్కుమీదే ఉండేది. "నీ కోపానికి ఎవరైనా డిగ్రీ ఇస్తే ఎప్పుడో డాక్టరేటు వచ్చేది" అనేది, ఆమెతో కలిసి ఉండే అక్క.

రెండో ఏడు పరిశోధన ప్రాజెక్టు చేయాలి. అంశం కోసం వెతుకుతూ ఒకనాడు టీచరమ్మ కాలేజీ స్టోరుగది తీయించింది. పాత విద్యార్థులు బొగ్గుతోనూ పెన్సిలుతోనూ గీసిన బొమ్మలు అట్టల మధ్య కట్టలుగా పడి ఉన్నాయి. తుమ్ముతూ ఒక్కో కట్టా విప్పింది. మూడో కట్ట దగ్గర చెయ్యి ఆగింది. మొదటి కట్టలో చూసిన మనిషే! అదే పొడుగాటి మెడ, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న అదే చిటికెన వేలు. వారం రోజులు కూర్చుని చూస్తే నూట పన్నెండు బొమ్మల్లో ఆ ఒక్క స్త్రీయే ఉంది. ప్రతి బొమ్మ కిందా గీసినవాడి సంతకం, సంవత్సరం, మార్కులు ఉన్నాయి. ఆమె మాత్రం 'కూర్చున్న స్త్రీ', లేకపోతే 'నిలబడ్డ స్త్రీ'. సామాన్ల రిజిస్టరులో ఆమె కూర్చున్న స్టూలుకైనా ఒక నంబరుంది. టీచరమ్మకు ఒళ్లు మండింది. దొరికింది అంశం.

గైడు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నవ్వాడు. ఆయనా ఆ కాలేజీలోనే చదువుకున్నాడు. ఆ కట్టల్లో ఆయన సంతకంతో బహుమతి వచ్చిన బొమ్మ కూడా ఉంది.

"మోడల్ మీద పరిశోధనేంటమ్మా? గీసినవాళ్ల మీద చెయ్యండి. రేఖ, వెలుగునీడలు, శైలి... బోలెడుంది."

"గీసినవాళ్ల మీద ఇప్పటికే బోలెడుంది సార్."

మూడుసార్లు శీర్షిక కొట్టేశాడు. నాలుగోసారి విసుగొచ్చి సంతకం పెట్టాడు.

ఆ మోడల్ ఎక్కడుందో స్టోరుకీపరే చెప్పాడు. బస్టాండు వెనక సందులో, మెట్ల కింద ఒక కుట్టుమిషను పెట్టుకుని, చిరిగినవీ బిగుతైనవీ సరిచేస్తోంది. అరవై దాటి ఉంటాయి. ఆవిడ వంకర చిటికెన వేలు చూసి టీచరమ్మ గుర్తుపట్టింది.

విషయం విని పెద్దావిడ మిషను ఆపలేదు. "ఇన్నాళ్లూ వాళ్లు చూశారు. ఇప్పుడు నువ్వు చూడ్డానికొచ్చావా?"

"చూడ్డానికి కాదమ్మా. మీరు చెబితే రాసుకుందామని."

"ఏం రాస్తావ్? కూర్చోడమంటే నీకేం తెలుసు? ఇదిగో, ఆ బల్ల మీద కూర్చో. నడుం తిప్పి, తల ఆ గోడవైపు. చెయ్యి అలా. ఇక కదలకు."

టీచరమ్మ కూర్చుంది. ఐదు నిమిషాలకు మెడ లాగింది. పది నిమిషాలకు కాలు మొద్దుబారింది. పావుగంటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దావిడ ప్యాంటుకు జిప్పు వేయడం పూర్తిచేసి, దారం పంటితో కొరికి, అప్పుడు తలెత్తింది.

"లే. నేను ముప్పావుగంట కూర్చునేదాన్ని. మధ్యలో లేస్తే మళ్లీ అదే చోట పాదం పెట్టాలని చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాళ్లు. ఊపిరి గట్టిగా పీల్చినా కసిరేవాళ్లు."

ఆ రోజు నుంచి నాలుగు నెలలు టీచరమ్మ ఆ మెట్ల కింద కూర్చుని రాసుకుంది. ఏ భంగిమ ఎంతసేపు నిలుస్తుంది, బరువు ఏ తుంటి మీద వేస్తే నొప్పి తెలియదు, చలికాలంలో హీటరు ఒకవైపే పెడితే రెండోవైపు ఎలా బిగుసుకుపోతుంది, అన్నీ చెప్పిందావిడ. కొత్తగా చేరినవాళ్లు తడబడుతుంటే, "బాబూ, భుజం కాదు, ముందు మెడ ఎముక చూడు" అని కదలకుండానే చెప్పేదట. పాఠం మాత్రం మాస్టారిది. ఇరవై ఆరేళ్లు చేసిన పని అది. టీచరమ్మ అన్నీ అధ్యాయంగా రాసి, ఆవిడ పేరుతో సహా గైడు బల్ల మీద పెట్టింది.

రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఒక సోమవారం కాలేజీ గ్యాలరీ ముందు ఫ్లెక్సీ కనిపించింది. వార్షికోత్సవ ప్రదర్శన. స్టోరుగదిలో మరుగునపడ్డ బొమ్మలను 'వెలికితీసింది' గైడుగారు. లోపల నలభై ఫ్రేములు. ఒక్కొక్కదాని కిందా గీసినవాడి పేరు, పక్కన 'అజ్ఞాత మోడల్'.

అజ్ఞాత! పేరు రాసిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది కదా! అరికాలి మంట నెత్తికెక్కింది. గైడు గదికి వెళ్తే, "ప్రదర్శన వేరు, ప్రాజెక్టు వేరు. ఆవిడ కూలికొచ్చి కూర్చుంది. కళ మాది. గొడవ చెయ్యకండి" అని ఫోనెత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్న, ప్రారంభానికి గంట ముందు, టీచరమ్మ ఆవిడ పేరు పెద్దక్షరాల్లో అచ్చేయించిన నలభై చీటీలు తెచ్చి, 'అజ్ఞాత' మీద ఒక్కొక్కటే అంటించింది. వచ్చినవాళ్లు గుమిగూడారు. ఒక విలేకరి ఫొటో తీసుకున్నాడు. సాయంత్రం అక్కతో చెబుతూ ఆమె పగలబడి నవ్వింది.

మరుసటి రోజు పేపరు చేత్తో నలిపి పట్టుకుని పెద్దావిడ కాలేజీ గేటు దగ్గర నిలబడింది.

"ఎవరు చెప్పారు నీకు నా పేరు గోడకెక్కించమని?"

"వాళ్లు మీకు అన్యాయం చేశారు కదమ్మా..."

"వాళ్లు నన్నడక్కుండా పేరు తీసేశారు. నువ్వు నన్నడక్కుండా పేరు పెట్టావు. తేడా ఏంటో చెప్పు! నేనక్కడ ఊడ్చే పని చేశాననే మా అమ్మాయికి తెలుసు. ఇప్పుడు దానికీ, దాని అత్తగారికీ నేను బట్టలు లేకుండా కూర్చున్నానని పేపరువాడు చెప్పాడు. నీ కోపం తీర్చుకోడానికి నా పేరే దొరికిందా?"

టీచరమ్మకు ఎవరి మీద అరవాలో తెలియని కోపం, తిరిగి తన మీదికే వచ్చింది. గ్యాలరీలోకి వెళ్లి చీటీలు గోళ్లతో గీకి పీకడం మొదలుపెట్టింది. జిగురు గట్టిది, వేళ్లు చీరుకుపోయాయి. గుమ్మంలో నిలబడి గైడు ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆమె ఆగింది. 'అజ్ఞాత' అన్న అట్టలను కూడా చీటీలతోపాటే పీకి, చించి ఆయన కాళ్ల దగ్గర పడేసింది.

దానికి క్రమశిక్షణ నోటీసు వచ్చింది. గైడును మార్చమని ఆమే అర్జీ పెట్టింది. ఆరు నెలలు వెనకబడింది. అక్క తిట్టింది, తిడుతూనే అన్నం పెట్టింది.

మెట్ల కిందికి మూడుసార్లు వెళ్తే పెద్దావిడ పలకలేదు. నాలుగోసారి, తలెత్తకుండానే, "రాసిందంతా పట్రా" అంది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, బట్టల మీద గీతలు గీసే సుద్దతోనే, పేజీల మీద గీతలు పెట్టింది. 'దయనీయ' కొట్టేసింది. 'పేదరికం వల్ల' కొట్టేసింది. "ఇవి నీ ఏడుపు. నాది కాదు." పేరున్న ప్రతిచోటా కొట్టేసింది. "పేరొద్దు. పని రాయి. ఎలా కూర్చున్నానో అది రాయి, ఒక్క ముక్క తగ్గించకు."

కాగితాలు తిరిగిస్తూ, "మా అమ్మాయి ఒక్కతే వెళ్లి బొమ్మలు చూసొచ్చిందట. నాతో ఒక్క మాటా అనలేదు" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు: "ఇంత రాశారు, మనిషి పేరేదీ?"

"ఆవిడ వద్దన్నారు సార్."

"మరి దీనికి ఆధారం?"

"ముప్పావుగంట కదలకుండా కూర్చోండి సార్. మీకే తెలుస్తుంది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు. మార్కులు అంతంతమాత్రంగానే వేసినా పాసైతే చేశాడు. పాత గైడు రాసిన ప్రదర్శన పుస్తకం, ఆయన ఫొటోతో సహా, లైబ్రరీలో ముందు అరలో పెట్టారు. టీచరమ్మ ప్రాజెక్టు వెనక గదిలోకి వెళ్లింది. అటువైపు వెళ్లినప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంటుంది.