మూడు మిల్లీమీటర్ల మర్యాద

నీటి సరఫరా ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు గదిలో కూర్చునే ఆవిణ్ణి అందరూ పటాలక్క అంటారు. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు. నేల కింద ఏ గొట్టం ఎటు పోతోందో గీసిపెట్టడం ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడ పని. ఊరి పైభాగం కళ్ళున్న ప్రతివాడికీ తెలుస్తుంది. కిందిభాగం పూర్తిగా తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు పటాలక్క, రెండో మనిషి మూతల మామ. రోడ్ల మీది ఇనప మూతలెత్తి, లోపలి వాల్వులు తిప్పి వీధివీధికీ నీళ్ళు వదిలే పెద్దాయన. రిటైరైనా ఆఫీసువాళ్ళు మళ్ళీ బతిమాలి పిలిపించుకున్నారు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంతో గౌరవం. అది ఎదురుపడనంతసేపే.

ఆఫీసుకి కంప్యూటర్లొచ్చి, ఇకమీదట పటాలన్నీ తెర మీద గీసే జీఐఎస్‌లోనే అన్నప్పుడు పటాలక్క ఒంటికాలి మీద లేచింది. ఇంకు పెన్నుతో ట్రేసింగ్ కాగితం మీద గీసి, తప్పు పడితే బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్దిన చెయ్యి అది. ఎలక పట్టుకుని గీయమంటే ఎలా? కొత్తగా చేరిన ఇంజనీరమ్మ ఓపిగ్గా పక్కన కుర్చీ వేసుకుంది.

"అక్కా, ఇది బొమ్మ కాదు, పొరలు. రోడ్లు ఒక పొర, ఇళ్ళు ఒక పొర, గొట్టాలు ఒక పొర. కావాలంటే వేసుకో, అడ్డమనిపిస్తే తీసెయ్."

పటాలక్క ఇళ్ళ పొర తీసేసింది. ఊరంతా మాయమై గొట్టాలు మాత్రం మిగిలాయి. ఒక గొట్టాన్ని నొక్కితే అది తన వయసు, లావు, ఏ ఇనుముతో చేశారో అన్నీ చెప్పేసింది. ఇన్నేళ్ళలో ఏ గొట్టమూ ఆవిడతో ఇంత మర్యాదగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకనాడు బజారు వీధిలో గొట్టం పగిలింది. ఏ వాల్వులు కట్టెయ్యాలని అడిగితే కంప్యూటరు నాలుగింటిని ఎర్రగా చూపించి, రెండువందల పన్నెండు ఇళ్ళకు నీళ్ళుండవని జాబితా ఇచ్చింది. చేతిలో టీ ఇంకా చల్లారలేదు. పూర్వం ఆ లెక్క తేలేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ రోజు నుంచి పటాలక్క ఆ కుర్చీ వదిలితే ఒట్టు.

ఇంట్లోనూ అదే వరస. ఆవిడ భర్త రిటైరైన బస్సు డ్రైవరు. ఊళ్ళో గుంతలు కూడా ఆయనకు పేరుపేరునా తెలుసు. చెల్లెలింటికి దగ్గర దారి ఏదని పటాలక్క జీఐఎస్‌ని అడిగి, ఆ దారినే పోనిమ్మని పట్టుబట్టింది. "ఆ వేళకి బడి వదుల్తారే" అన్నాడాయన. వినలేదు. నలభై నిమిషాలు పిల్లల మధ్య ఇరుక్కున్నారు. ఆయన ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం నెల రోజులు వినిపించింది. మర్నాడే ఆవిడ రోడ్ల పొరలో బడి వదిలే వేళ చేర్చి మళ్ళీ అడిగింది. ఈసారి మొగుడు చెప్పిన దారే వచ్చింది. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

పాత కాగితం పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా ఆవిడదే. ఒక్కో పటాన్ని స్కాన్ చేసి, నాలుగు కూడళ్ళను నేల మీది కొలతలతో కలిపి, గొట్టాల మీద మళ్ళీ గీత గీసుకుపోవాలి. వాటిల్లో చాలామటుకు పడుచు వయసులో తను గీసినవే. తన చేతిపని మీద తనే చెయ్యి నడిపింది. వెంట్రుకవాసి కూడా తప్పలేదు. అసలు కొంప ముంచింది అదే.

వడ్రంగుల వీధిలో పెద్ద గొట్టం పాతబడింది, మార్చాలి. గొట్టానికి రెండువైపులా రెండేసి మీటర్లలో ఏ కట్టడమూ ఉండకూడదని ఆఫీసు నిబంధన. పటాలక్క గొట్టం చుట్టూ ఆ మేర పట్టీ గీయించి, దాని మీద ఇళ్ళ పొర వేసింది. వీధికి ఒకపక్క ముప్ఫై ఎనిమిది ఇళ్ళ ముందుగదులు పట్టీలో పడ్డాయి. పెద్ద సారు కుర్చీలోంచి లేచొచ్చాడు.

"అక్కా, ఇది తేలడానికి ఇదివరకు ఆర్నెల్లు పట్టేది తెలుసా!"

ఆ సాయంత్రమే ముప్ఫై ఎనిమిది గోడల మీద ఎర్రరంగుతో అంకెలు పడ్డాయి. శుక్రవారం నోటీసులు, పై వారం ముందుగదుల కూల్చివేత. పటాలక్కకి జాలేసిన మాట నిజమే. గొట్టం నెత్తిన ఇల్లు కట్టుకుంటే ఎవరేం చేస్తారు, అనుకుని టీ తాగింది.

బుధవారం పొద్దున పదిహేడో నంబరాయన వచ్చాడు. గడియారాలు బాగుచేస్తాడు. అంకె పడిన గదే ఆయన దుకాణం. అరవడానికి వచ్చాడేమోనని పటాలక్క వెన్ను నిటారు చేసుకుంది. ఆయన అరవలేదు.

"ఆ గొట్టం మా ఇంటి కింద ఎక్కడుందో ఒక్కసారి చూపిస్తారా అమ్మా? చూసి వెళ్ళిపోతాను."

చూపించింది. ఆయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి కంటికి పెట్టుకుని తెర మీదకు వంగాడు. పళ్ళచక్రాల్ని చూసే కన్ను, తొందరపడదు.

"ఒక సందేహం. ఈ గీత వీధి పొడుగునా రోడ్డుకి ఒకటే దూరంలో ఉంది. మలుపులో కూడా చుక్క తేడా లేదు. నేలన్నాక రాళ్ళుంటాయి, చెట్ల వేళ్ళుంటాయి. తవ్వినవాడు ఎక్కడా అటూఇటూ జరగలేదాండీ? పైగా మా పునాది తవ్వినప్పుడు గొట్టమేదీ తగల్లేదు."

"పాతవాళ్ళు బాగా తవ్వారులెండి" అంది పటాలక్క. అంటూండగానే తనకే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

ఆయన వెళ్ళాక బీరువా తీసి ఆ పాత పటం బల్ల మీద పరిచింది. వడ్రంగుల వీధి ఇరుకు. కాగితం మీద మిల్లీమీటరంటే నేల మీద రెండు మీటర్లు. ఆ సన్నని సందులో రోడ్డు గీతలు, మురుగు గీత, కరెంటు గీత, మధ్యలో నీటి గొట్టం. అన్నీ ఉన్నచోటే గీస్తే ఇంకు ముద్దైపోతుంది. ఆవిడకు పని నేర్పిన పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారు ఒకటే చెప్పేవారు: "గీత మీద గీత పడనివ్వకమ్మాయ్, కొంచెం పక్కకి జరుపు. చదివేవాడికి అది మర్యాద." ఆ రోజుల్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. పటం చూసి వీధి తెలుసుకునేవాళ్ళు, మూత చూసి తవ్వేవాళ్ళు. పాతికేళ్ళ కిందట పటాలక్క ఆ గొట్టాన్ని రోడ్డు మధ్యలోంచి మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిపింది. వాల్వుల గుర్తుల్నీ దాంతోపాటే జరిపింది. అంటే నేల మీద ఆరు మీటర్లు. సరిగ్గా ఆ ఇళ్ళ ముందుగదుల్లోకి. కంప్యూటరుకి ఆ మర్యాదలు తెలియవు, గీత ఉన్నచోట గొట్టం ఉందని నమ్మేసింది.

నోరు విప్పితే తనకి తలవంపులు, మూడేళ్ళుగా ఈ పటం గురించి పైవాళ్ళకి గొప్పలు చెబుతున్న పెద్ద సారుకి అంతకు రెండింతలు. విప్పకపోతే ముప్ఫై ఎనిమిది గదులు. అయితే ఎక్కువసేపు ఆలోచించే మనిషి కాదు. మూతల మామకి ఫోన్ చేసింది.

గురువారం పొద్దున ఇద్దరూ వీధిలో దిగారు. ఉపగ్రహాల నుంచి కొలత పట్టే పొడుగాటి కర్ర పటాలక్క చేతిలో, మూతలెత్తే కొంకి మామ చేతిలో.

"ఇన్నేళ్ళూ ఇక్కడ వాల్వులు తిప్పావు కదా మామా, నా పటంలో అవి ఇళ్ళల్లో ఉన్నాయని ఒక్కసారైనా చెప్పొద్దూ?"

"నేను మూత చూస్తాను తల్లీ, నీ టీవీ చూడను. చూడమని ఎప్పుడైనా పిలిచావా?"

తొమ్మిది మూతలెత్తారు, తొమ్మిది చోట్లా కర్ర నిలిపి కొలత తీశారు. ఆఫీసుకొచ్చి ఆ తొమ్మిది చుక్కలు తెర మీద వేస్తే, రోడ్డు మధ్యలో ఒక్కటొక్కటే వరసగా వెలిగాయి. పాత గీత ఆరు మీటర్ల అవతల ఏమీ ఎరగనట్టు పడుంది.

పెద్ద సారు ముఖం కందగడ్డైంది. "రేపు పొద్దున నోటీసులు! ఇంతకీ ఆ పాత పటం గీసిన మహానుభావుడెవరు?"

పటాలక్క పటం విప్పి, మూలనున్న పొడి అక్షరాల మీద వేలు పెట్టింది. "నేనేనండి."

సారు ఆ అక్షరాల మీదకు వంగి చూశాడు.

"తప్పు గీశారా?"

"అప్పుడది తప్పు కాదండి, చదివేవాళ్ళ కోసం గీసింది. తవ్వేవాళ్ళ కోసమని నమ్మి ఎక్కించానే, తప్పు అక్కడ చేశాను. అదీ నేనే."

సారు తెర వైపు చూపించాడు. "కొత్త గీతతో మళ్ళీ వెయ్యండి, చూద్దాం."

వేసింది. పట్టీలో ఇప్పుడు ఒకే ఒక్క కట్టడం పడింది. వీధి చివర రోడ్డు మీదకి జరిపి కట్టిన సామాన్ల గది. ఎవరిదని నొక్కితే యజమాని పేరు వచ్చింది: నీటి సరఫరా ఆఫీసు. ఇంజనీరమ్మ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. తన గదికి తనే నోటీసు ఇచ్చుకోవాల్సొచ్చిన పెద్ద సారు, కాసేపటికి తనూ నవ్వాడు.

పటాలక్క గొట్టాల పొరలో కొత్తగా ఒక గడి చేర్చింది. దాని పేరు "ఎలా తెలిసింది". వేల గొట్టాలకు అందులో "పాత కాగితం, జరిపి గీసి ఉండొచ్చు" అని నింపింది. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. రోజూ పొద్దున ఒక వీధి చొప్పున మామతో నడిస్తే ఎన్నో కొన్ని మార్చొచ్చు. ఆ లెక్క వేసుకున్నాక మనసుకి హాయిగా అనిపించింది. వడ్రంగుల వీధి గొట్టానికి మాత్రం అప్పుడే రాసేసింది: "మూత ఎత్తి చూశాం."

శుక్రవారం నోటీసులు పోలేదు. గోడల మీద అంకెలు చెరపడానికి సున్నం బకెట్టుతో మనుషులు వెళ్తుంటే పటాలక్క కూడా వాళ్ళతో బయల్దేరింది. పదిహేడో నంబరు గదిలో గోడలు బోసిగా ఉన్నాయి. గడియారాలన్నీ పాత దుప్పట్లలో చుట్టి పెట్టెల్లో సర్దేశాడాయన. పెట్టెల్లోంచి టిక్కుటిక్కుమని వినిపిస్తూనే ఉంది.

"విప్పెయ్యండి, గదికేం కాదు" అంది. "తప్పు నాది. మీరు అడక్కపోతే తెలిసేది కాదు."

ఆయన చేతిలోని తాడు పెట్టె మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"మరి ఇంతకీ గొట్టం ఎక్కడుందమ్మా?"

పటాలక్క తెర కోసం వెతుక్కోలేదు. ఆయన్ని గుమ్మంలోనే ఉండమని, రోడ్డు మధ్యకు నడిచి వెళ్ళి ఇనప మూత మీద నిలబడింది.

"ఇదిగో, నా కాళ్ళ కింద."