గంజి లేని గుడ్డ

తమిళనాడు కోవిల్‌పట్టిలో మాది తెలుగు నేత ఇల్లు. ఇంటి వెనక రేకుల కొట్టంలో నాలుగు మరమగ్గాలు. వాటి మోతలో పెరిగిన గొంతు కాబట్టి మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. తప్పు ఒప్పుకోవడం అంతకంటే చేతకాదు. ఈ రెండో గుణాన్ని విరుదునగర్‌లోని ఒక పుస్తకాల గది వదిలించింది.

మసీదు వీధిలో మదరసా మేడ మీద ఉంది ఆ గది. చేత్తో రాసిన పాత అరబీ కితాబులను ఒక్కొక్కటీ గుడ్డలో మూటకట్టి చెక్క బీరువాల్లో పెట్టారు. వాటిని చూసుకునే పెద్దాయనను వీధంతా బాయ్ అంటుంది, నేనూ అలాగే పిలుస్తాను. గది తాళంచెవి ఆయన చొక్కా లోపలి జేబులో ఉంటుంది. ఇంకొకరి చేతికి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

మూటగుడ్డలు చీకిపోయాయని, కొత్తవి నలభై నేసిమ్మని ఆయన నన్ను అడిగారు. పాతవన్నీ ఉతికి ఉతికి అరిగిన వేష్టి పంచెల ముక్కలు. అలాంటి మెత్తటి గుడ్డ చాలమ్మా అన్నారు. నాకు రోషం వచ్చింది. మా వీధిలో గంజి లేని గుడ్డంటే తల దువ్వని పెళ్ళికూతురు. మా మగ్గం మీంచి పీలికలు పోతాయా? నూలుకు పెట్టిన గంజి చాలనట్టు, నేసిన గుడ్డకు చిక్కగా మళ్ళీ పెట్టి, ఎండలో బిగదీసి ఆరేసి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళాను. ఆయన తడిమి చూసి బిరుసుగా ఉందే అన్నారు. వాడగా వాడగా మెత్తబడుతుందిలెండి అని నోరు మూయించాను.

ఐప్పసి నెల వానలు వెళ్ళాక వేరే పని మీద విరుదునగర్ పోయి, నా గుడ్డల దర్జా చూసుకుందామని మేడెక్కాను. బాయ్ కింద కూర్చుని మూటలు విప్పుతున్నారు. ఒక గుడ్డ దులిపితే వెండిలా మెరిసే సన్నపురుగులు బిలబిలమని పారిపోయాయి. వాటికి గంజి అంటే ప్రాణమట. వానల తేమలో గుడ్డ తిని, గుడ్డలోంచి కాగితంలోకి దిగాయి. ఒక కితాబులో కొన్ని పుటల అడుగు పంక్తులు జల్లెడ అయిపోయాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

మసీదు పెద్దలు అప్పటికే వచ్చి చూసి వెళ్ళారట. వచ్చే శుక్రవారం తాళంచెవి అప్పగించమన్నారు. కితాబులను మద్రాసు పంపించేస్తారు, ఈ గది ఇక ఉండదు. గుడ్డ ఎవరిచ్చారని అడగలేదా అన్నాను.

"అడిగినారు. చూసుకోవాల్సింది నేను కదమ్మా, అని చెప్పినాను" అన్నారు.

ఆ మాట బదులు నన్ను తిట్టినా బాగుండేది. గుడ్డలన్నీ గోతంలో వేసుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి అత్తకు చెబుతూ, మన పేరు బయటికి రాలేదు, పోనీలే అన్నట్టు ఒక మాట నసిగాను. అత్త నూలు కండె చుట్టడం ఆపింది.

"నీ గంజికి ఆయప్ప తల వంచాల్నా? ముందు ఉతుకుమే. మళ్ళ పొయ్యి చెప్పు."

మగ్గాలు ఆపేశాను. గుడ్డలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉడకేసి, బండ మీద బాది, మళ్ళీ నానబెట్టాను. గంజి పోయిందా లేదా అని చూడటానికి నూలు వ్యాపారులు అయోడిన్ చుక్క వేస్తారు. గంజి ఉంటే చుక్క నల్లటి నీలం అవుతుంది, లేకపోతే పసుపుగానే ఉంటుంది. మందుల షాపులో సీసా కొన్నాను. మొదటి వాయి అంతా నీలమే. రెండో వాయిలో సగం. మీ అంతు చూడకుండా వదలను అని గుడ్డలతోనే పోట్లాడాను. మూడో వాయికి నలభై గుడ్డలూ పసుపు తేలాయి. అరచేతుల తోలు ఊడిపోయింది.

శుక్రవారం నమాజు అయ్యాక మదరసా వసారాలో పెద్దలు కూర్చున్నారు. బాయ్ తాళంచెవి తీసి చాప మీద పెట్టారు. నేను గోతం దింపి, నా మగ్గం గొంతుతోనే చెప్పాను. "పురుగును పిలిచింది నా గంజి. ఆయన మెత్తటి గుడ్డే అడిగినారు, వినంది నేను."

వాళ్ళలో ఒక పెద్దాయన, మళ్ళీ పురుగు పట్టదని నమ్మకమేమిటి అన్నారు. సీసా ఆయన చేతికిచ్చాను. దొంతర మధ్యలోంచి ఒక గుడ్డ లాగి చుక్క వేశారు. పసుపు. ఏ గుడ్డ మీద వేసినా ఇంతేనేమో అన్నారాయన. ఆ రోజు నేను కట్టుకున్నది నేనే నేసి, నేనే గంజి పెట్టిన కొత్త చీర. కొంగు చాపి, ఇక్కడ వేయండి అన్నాను. ఆయన సందేహిస్తుంటే సీసా లాక్కుని నేనే వేశాను. మామిడిపండు రంగు కొంగు మీద అరచేయంత నల్లటి మరక పాకింది. పెద్దాయన తాళంచెవిని మెల్లగా బాయ్ ముందుకు జరిపారు.

మూటలు నన్నే కట్టమన్నారు బాయ్. చివర మిగిలింది ఆ జల్లెడ అయిన కితాబు. ఇందులో ఏముంది అని అడిగితే చదివి వినిపించారు. నాకు అర్థమైంది! రాత అరబీ, మాట తమిళం. మా ఇంట్లో తెలుగు మాట్లాడటమే గానీ రాయడం ఎవరికీ రాదు. రాసి ఉంచితేనే ఇంటి మాట మిగులుతుందని, ఆ రోజు ఇల్లు చేరాకే పట్టుబట్టి ఈ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను.

ఆయన చదివింది వైద్యం. పసిబిడ్డకు జ్వరం తగ్గకపోతే ఏ వేరు తేవాలి, దేనితో నూరాలి, ఎన్ని పూటలు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో చెప్పే చోట ఆగిపోయారు.

"మిగతాది?" అన్నాను.

"అక్కడ పురుగు తినింది, అమ్మా."

ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ముడి వేశాను. అప్పటి నుంచి ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, ఆ సీసా పట్టుకుని పొద్దుటి బస్సుకు వెళ్తాను. నలభై మూటలూ విప్పి, ప్రతి గుడ్డ మూలా చుక్క వేసి చూస్తాను. పోయిన పంక్తిని నేను తేలేను, ఇంకో పంక్తిని మాత్రం పోనివ్వను.