కౌబాయ్ సినిమాకు నేను చెప్పిన అర్థం

మొన్న ఫోనులో ఒక పాత కౌబాయ్ సినిమాను, కింద తెలుగు అక్షరాలతో సహా, చివరిదాకా చూశాను. ద్రోహం చేసిన నేస్తం కోసం ఎడారులన్నీ గాలించిన గుర్రపువాడు, తీరా వాడు దొరికాక తుపాకి దించేసి, నిన్ను వెతుకుతూ నన్నే పోగొట్టుకున్నాను, ఇక చాలు, అంటాడు. ముప్పై ఐదేళ్ల కిందట మదనపల్లె టాకీసులో మా పెద్దమామకు ఆ మాటకు తెలుగు చెప్పింది నేనే.

ఇంటర్ ఇంగ్లీషులో రెండుమార్లు తప్పినా, అమ్మ పుట్టిల్లు కురబలకోటలో నేను దొరలకే పాఠం చెప్పగలవాణ్ణని పేరు. ఆ పేరు పుట్టించిందీ నేనే. ఆ సినిమాకు నెలముందే మా చిన్నమామ, అన్న ప్రాణంగా పెంచుకున్న పొట్టేలును (నా లెక్కకు ఏనుగు దానికి తమ్ముడు) పుంగనూరు సంతలో అమ్మేసి పరారయ్యాడు. అందుకని తెరమీద పెదవి కదిలినప్పుడల్లా పెద్దమామ నా డొక్కలో పొడిచేవాడు.

"ఏమంటాండాడప్పా? సెప్పు!"

నాకు అర్థమయింది గుర్రం సకిలింపు ఒక్కటే. అయినా హాలంతా వినబడేలా చెప్పాను: "నిన్ను సంపను రా, సచ్చిపోయినావని మీ అమ్మకు సెప్తా, అంటాండాడు మామా!"

ముందు వరసలో ఈలలు లేచాయి. పెద్దమామ మాత్రం మెల్లగా తల ఊపాడు.

ఆపైన రెండేళ్లు, మందను గాలికొదిలి, సంత సంతా తిరిగాడు. "పొట్టేలు పోతే పోయె, నా బిడ్డను తోడుకోని రా నాయనా" అని అవ్వ బతిమాలని పూట లేదు. ఒకనాడు పెద్దమామ కుప్పం నుంచి వచ్చి, తలమీద తువ్వాలు వేసుకుని, తమ్ముడు జబ్బుచేసి పోయాడన్నాడు. కర్మ చేశారు. నేనూ ఏడ్చాను, ఈసారి నిజంగానే. అవ్వ ఆ దిగులుతోనే మంచం పట్టి పోయింది.

మరుసటి ఏడాది కుప్పం బస్టాండులో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే చిన్నమామ! దయ్యమనుకుని అరవబోయాను. సంతలో అన్న ఎదురుపడి, కొట్టకుండా, నువ్వు చచ్చావని అమ్మకు చెప్తానని మాత్రం అని వెళ్లిపోయాడట. తనకు కర్మ కూడా అయిపోయిందని విని, ఏ ముఖంతో రావాలో తెలియక అక్కడే ఆగిపోయాడట. అవ్వ పోయిన కబురు అతనికి అందనేలేదు.

"నేను బతికే ఉండానని అమ్మకు నువ్వన్నా సెప్పప్పా. నువ్వు సెప్తే ఎవురైనా నమ్ముతారు."



ఆ రోజుల్లో మనిషి చెప్పింది మనిషి నమ్మేవాడు, ఇప్పుడా నమ్మకం ఏదీ అని నా ఈడువాళ్లు వాపోతుంటారు. వాళ్లతో గొంతు కలపడానికి నాకే ధైర్యం చాలదు.