గోడవైపు తిరిగిన పటాలు

విజయవాడ నుంచి వెళ్లి సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో తిరుగుతున్నాను. ఒక చిన్న కొట్లో పటాలు కట్టే పెద్దాయన, దండ వేయడానికి సిద్ధం చేసిన ఓ ముసలాయన ఫోటో అద్దం తుడుస్తున్నాడు. ట్రావెల్ బ్లాగుకి బాగుంటుందని అడక్కుండానే ఫోన్‌తో ఫోటో తీశాను.

"ఫోటోల నన్ను పెట్టుకో బిడ్డా, ఏం తక్లీఫ్ లేదు. నా చేతిలున్నాయనను మాత్రం తీసెయ్యి," అన్నాడు.

"రోడ్డు మీద నిలబడే కదండీ తీశాను," అన్నాను మొండిగా.

"ఆయన పోయి వారమే అయింది. పటం కట్టినంక ముందుగాల ఇంటోళ్లే జూడాలె."

అప్పుడు గమనించాను. కొట్లో కట్టిపెట్టిన పటాలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. సిగ్గేసింది. ఆయన ఎదుటే ఆ ఫోటోను ఫోన్‌లోంచి డిలీట్ చేశాను.

ఇంతలో ఒక ముసలమ్మ వచ్చింది. పెద్దాయన ఆ పటాన్ని రెండు చేతులతో ఆమెవైపు తిప్పి, తను వీధివైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ తిరిగాను.  మా వెనక ఆమె గొంతు మెల్లగా వినబడింది.

"నవ్వుతున్నడు."

ఆమె వెళ్లాక, ఈసారి అడిగి ఒక ఫోటో తీసుకున్నాను. ఆ బజారు గురించి నా బ్లాగులో ఉన్నది అదొక్కటే: గోడవైపు తిరిగి, తమవాళ్ల కోసం ఎదురుచూస్తున్న పటాలు.