రెండు పాళ్లు కానిది

మా లెక్కల అయ్యవారు పోయారని కృష్ణగిరి బస్సు దిగిన పూలమ్మే ఆమె చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. "పాపం, ఆ పనికిరాని లెక్క పట్టుకునే పోయినాడంట," అంది. అందుకే ఇది చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. పక్కింటి కోడలు రాస్తోంది. ఆ లెక్క పనికిరానిది కాదు. నా పొయ్యిని నిలబెట్టింది అదే.

ఆయన హోసూరు బడిలో ఉన్న కాలంలో వాళ్ల అరుగు మీదే నేను చింతపండు కొట్టేదాన్ని. బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచీ విడవక ముందే నేను రాల్చిన గింజల దగ్గర కూర్చునేవారు. పదమూడు ఏరి, "సమంగా పంచమ్మా," అనేవారు. రెండేసి పెడితే ఒకటి మిగిలేది. మూడేసి పెట్టినా అంతే.

"ఇది పాళ్లు పడే రకం కాదు," అని మురిసిపోయేవారు.

అలాంటిదే ఒక పెద్ద సంఖ్య ఆయన ప్రాణం. ఒకటిని ముప్పైయొక్కసారి రెట్టింపు చేసి, అందులో ఒకటి తీసేస్తే వచ్చేదట. రెండువందల పద్నాలుగు కోట్ల పైచిలుకు! అంత పెద్దదీ ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగదట. ఆ సంగతి ఏనాడో ఎవరో తేల్చేశారు. అయినా ఈయన పలక ముందేసుకుని, పైకి చెప్పుకుంటూ, ఒక్కో అంకెతో భాగించి చూసేవారు.

"తేలిపోయినదాన్ని మళ్లా చూసేది యాల అయ్యోరా?" అని కారణం అడిగేదాన్ని.

"పక్కింటామె ఉప్పు సరిపోయిందంటే, నువ్వు నాలిక మీద వేసుకోకుండానే పులుసు దించేస్తావా?"

ఒకసారి నేనే ఆయన్ని పట్టేశాననుకున్నాను. "రెండుతో చూస్తిరి, మూడుతో చూస్తిరి. నాలుగును మరిచిపోయినారే!"

ఆయన పడీపడీ నవ్వారు. "రెండు పాళ్లు కానిది నాలుగు పాళ్లు ఎట్లవుతుందమ్మా? నాలుగును అడిగే పనే లేదు."

మా ఆయన చనిపోయాక మరుదులిద్దరూ పెద్దమనుషులను కూర్చోబెట్టారు. నా గుడిసె వాళ్లు తీసుకుంటారట. నేను ఆర్నెల్లు ఒకరింట్లో, ఆర్నెల్లు ఇంకొకరింట్లో వంతుకూడు తినాలట. అయ్యవారూ వచ్చి ఓ పక్కన కూర్చున్నారు.

"నేను పోను. నా పొయ్యి నాకుంది," అన్నాను.

ఒక పెద్దాయన మెత్తగా నచ్చజెప్పబోయాడు. "రెండిండ్లయితే కష్టమంటావా? దాయాదులను కూడా కలిపి నాలుగిండ్లకు పంచుదాం లేమ్మా. యాడైనా మూడు నెల్లే కదా."

"ఏమప్పా, రెండు పాళ్లు కానిదాన్ని నాలుగు పాళ్లు ఎట్ల చేస్తావు? ఆడుండారు అయ్యోరు, అడుగు!"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆమె లెక్క సరిగ్గానే ఉంది. ఆమె పాళ్లు పడే రకం కాదు."

"ఇది పంచాయితీనా, బడినా?" అని చిన్న మరిది గొణిగాడు. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుతోనే అందరూ లేచిపోయారు. పంపకం మాట మళ్లా ఎవరూ ఎత్తలేదు. గుడిసె నాకే నిలిచింది.

కృష్ణగిరికి వెళ్లిపోయాక కూడా, ఈ వైపు వచ్చేవాళ్లు కనిపిస్తే, "ఆమె పొయ్యి వెలుగుతోందా?" అని అడిగి పంపేవారు. వెలుగుతోంది అయ్యోరా. ఇన్నేళ్లుగా నా కూడు నేనే వండుకు తింటున్నాను.

ఈ పొద్దు చింతపండు కొట్టి, పదమూడు గింజలు గుమ్మం ముందు పేర్చాను, రెండేసి. చివర ఒకటి మిగిలింది. మాపటికి వాకిలి ఊడ్చాను గానీ, చీపురు దాని దగ్గరికి పోనివ్వలేదు.